గూడ్స్ ఇంజన్ల రంగుల వెంట: నా అనుభవం

డబ్ల్యూఏజీ-9 అనే కరెంటు గూడ్స్ ఇంజన్ అంటే ఆకుపచ్చ ఒంటి మీద పసుపు పట్టీ, అంతే అనుకునేవాణ్ణి. ఒకరోజు అలాంటి ఇంజన్లు రెండు జంటగా బొగ్గు వ్యాగన్లను లాక్కుంటూ వెళ్లాయి. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూస్తే ముందుదాని పట్టీ సన్నం, వెనకదానిది వెడల్పు. నంబర్ రాసిన తీరు కూడా వేరు. ఇక ఆ తేడాలన్నీ ఫోటోల్లో పట్టాలన్న పట్టుదల మొదలైంది.

ముందు పేర్లు నేర్చుకున్నాను. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్స్. డీజిల్‌కైతే ఏ బదులు డీ. ఇంజన్ పక్కన దాని బాగోగులు చూసే షెడ్ పేరు కూడా ఉంటుంది: కాజీపేట, లాలాగూడ, విజయవాడ, గుత్తి. ఒకే రకం ఇంజన్‌కి షెడ్‌ని బట్టి రంగు మారడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. అందుకే నంబరూ షెడ్ పేరూ చదవడానికి వీల్లేని ఫోటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను.

చోటు వెతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. పట్టాల మీదికి వెళ్లే ప్రశ్నే లేదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం, ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు, పైగా ప్రాణాపాయం. ఓవర్‌బ్రిడ్జి ఎక్కితే పైకప్పు, పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ బాగా కనిపిస్తాయి కానీ పట్టీ సరిగా రాదు. చివరికి లెవెల్ క్రాసింగ్ గేటుకు ఈవల, రోడ్డు పక్కన కుదిరింది. అక్కడా కరెంటు స్తంభాలతో తంటా. తిన్నని దారిలో రెండు స్తంభాల మధ్య దూరం 72 మీటర్ల దాకా ఉంటుంది, ఇంజన్ పొడవు సుమారు 20 మీటర్లు. అంటే స్తంభం అడ్డు రాకుండా మొత్తం ఇంజన్ పట్టే క్షణాలు కొన్నే. ఆ ఖాళీ మీద ముందే గురి పెట్టుకుని, బండి అందులోకి రాగానే వరుసగా నొక్కుతాను.

రంగు విషయంలోనే ఎక్కువ దెబ్బ తిన్నాను. వెలుతురుని బట్టి రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదిలేస్తే ఒకే ఆకుపచ్చ ఒక ఫోటోలో నీలంగా, ఇంకోదాంట్లో పసుపుగా వచ్చింది. ఇప్పుడు దాన్ని డేలైట్‌లోనే ఉంచి, రా ఫైళ్లు, అంటే కెమెరా కుదించి మార్చని ఫోటోలు, తీస్తాను. హెడ్‌లైట్ పడగానే కెమెరా ఫోటోని చీకటి చేసేస్తుంది కాబట్టి, బండి రాకముందే పక్కనున్న గడ్డి మీద వెలుతురు కొలిచి ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టేస్తాను. సూర్యుడు నా వీపు వైపు ఉండాలి. మధ్యాహ్నమైతే పైకప్పు నీడ పక్కల మీద పడి పట్టీ సగం కనిపించదు.

ఒకసారి కొత్త రంగు దొరికిందని పొంగిపోయాను. పాలిపోయిన బూడిద పచ్చ! నెల తర్వాత అదే నంబర్ మళ్లీ కనిపించింది. దగ్గరగా చూస్తే ఎండకు వెలిసిన రంగు మీద దుమ్ము, బ్రేకు పొడి పేరుకున్నాయి, అంతే. అప్పటి నుంచి చక్రాల పక్కనున్న భాగాన్ని కాక, తలుపు చట్రం లోపలి అంచుని చూస్తున్నాను. అక్కడ ఎండ తక్కువ, అసలు రంగు మిగులుతుంది.

నోట్‌బుక్‌లో నంబర్, షెడ్, తేదీ, ఏ వైపు తీశానో రాసుకుంటాను. డబ్ల్యూఏజీ-7 రకం ఇంజన్ ఒకటి పీఓహెచ్‌కి, అంటే నిర్ణీత కాలానికి చేసే పెద్ద మరమ్మతుకి, వెళ్లొచ్చాక పూర్తిగా వేరే రంగులో కనిపించింది. పాత రంగులో దాని ఎడమ వైపే నా దగ్గర ఉంది, కుడి వైపు తీయలేదు. ఆ రంగు ఇక ఆ ఇంజన్ మీద లేదు. అందుకే ఇప్పుడు బండి వెళ్లిపోయాక, గేటు తెరవగానే రోడ్డు మీదుగా పట్టాలకు అవతలి పక్కకు వెళ్లి నిలబడతాను. తిరుగు ప్రయాణంలో రెండో వైపు కోసం.