పేతురు చెప్పిన ఒరవడి

మా సంఘంలో సండే స్కూల్ వార్షికోత్సవం రోజు ఒక తొమ్మిదేళ్ల బాబు మొదటి పేతురు రెండో అధ్యాయం 21 నుంచి 23 వరకు ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. "ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు" దగ్గర కాస్త ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ అందుకున్నాడు. చప్పట్లు మోగాయి. ప్రైజుగా స్టీల్ టిఫిన్ బాక్స్ ఇచ్చారు. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, గేటు బయట వాళ్ల నాన్న బండికి ఇంకొకాయన బండి అడ్డం పెట్టాడని గొడవ మొదలైంది. ఇద్దరూ సంఘస్థులే. ఇద్దరి చంకల్లోనూ బైబిళ్లున్నాయి. ఏమేం అనుకున్నారో ఇక్కడ రాయను. ఆ బాబు టిఫిన్ బాక్స్ పొట్టకు ఆనించుకుని నాన్న ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. వాడేమీ బెదిరిపోలేదు, ఏడవలేదు. శ్రద్ధగా చూస్తున్నాడంతే. పద్నాలుగేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను, నా క్లాసులో ఏ పిల్లాడూ అంత శ్రద్ధగా చూసింది లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ వచనమే మళ్లీ తీశాను. "క్రీస్తుకూడ మీకొరకు బాధపడి, మీరు తన అడుగుజాడలయందు నడుచుకొనునట్లు మీకు మాదిరి యుంచిపోయెను." ఇక్కడ మనం మాదిరి అని చదువుతున్న చోట గ్రీకులో ఉన్న మాట హుపోగ్రమ్మోస్. కొత్త నిబంధన మొత్తంలో ఇది ఇక్కడొక్కచోటే కనిపిస్తుంది. తిమోతితో పౌలు "విశ్వాసులకు మాదిరిగా ఉండుము" అన్నప్పుడు వాడింది వేరే మాట. పేతురు వాడింది బడి మాట. ఆ కాలపు పంతుళ్లు మైనం పూసిన పలక మీద అక్షరాలు రాసిస్తే పిల్లలు వాటి మీద దిద్దేవాళ్లు. ఆ రాసిచ్చిన వరుసకు పేరు అది.

మనకు దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: ఒరవడి. ఇప్పుడు ఒరవడి అంటే ట్రెండు అన్నట్టు వాడేస్తున్నాం గానీ, అసలు ఒరవడి అంటే పంతులు రాసిచ్చే మొదటి వరుస. పలక మీద పంతులు బలపంతో 'అ' రాసి ఇస్తే, దాని మీదే పదిసార్లు, ఇరవైసార్లు దిద్దేవాళ్లం. దిద్ది దిద్ది ఆ అక్షరం పందిరిగుంజంత లావయ్యేది. పంతులు రాసిన 'అ' తోక వంకరగా ఉంటే మన 'అ' తోకా వంకరే. అది వంకర అని దిద్దేవాడికి తెలియదు. 'అ' అంటేనే అట్లా ఉంటుందని అనుకుంటాడు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. గేటు దగ్గర ఆ బాబు అదే చేస్తున్నాడు కదా. కోపం వచ్చినప్పుడు క్రైస్తవుడు ఎట్లా ఉంటాడో నాన్న రాసిచ్చాడు, వాడు దిద్దుకుంటున్నాడు.

ఇంకో సంగతి చూడండి. ఈ బడి మాట రాసిందెవరు? అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో యూదుల మహాసభవాళ్లు "విద్యలేని పామరులు" అని తేల్చేసిన పేతురు. అక్కడి గ్రీకు మాటకు సరైన అర్థం అక్షరాలు రానివాళ్లు అనే. పలకా బలపం ఎరగని చేపలవాడు ప్రభువును ఒరవడి అన్నాడు! అయితే ఆ సభవాళ్లే అదే వచనం చివర "యేసుతోకూడ ఉండినవారని గుర్తెరిగిరి". చదువు వల్ల కాకపోయినా, చేతిరాత చూసి పంతులెవరో పోల్చుకున్నట్టున్నారు.

ఆ ఒరవడిలో ఏముందో కూడా చూడాలి. అద్భుతాల జోలికీ కొండ మీద ప్రసంగం జోలికీ పోలేదు పేతురు. ఏ తప్పూ చేయకుండా దెబ్బలు తింటున్న ఇంటి పనివాళ్లకు రాస్తూ, తిట్టినప్పుడు తిరిగి తిట్టని నోటిని చూపించాడు. ఆ వరుస ప్రభువు రాస్తున్న రాత్రే పేతురు ఏం చేశాడో మనందరికీ తెలుసు. అక్కడ ఆయన్ను కొడుతున్నారు, ఎగతాళి చేస్తున్నారు. ఇక్కడ ప్రాంగణంలో చలి కాచుకుంటూ పేతురు, ఆయనెవరో నాకు తెలియదని ఒట్లు పెట్టుకుంటున్నాడు, శపించుకుంటున్నాడు. కోడి కూసింది. "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను" అంటాడు లూకా. పలకంతా అలికేసుకున్న పిల్లాడి వైపు పంతులు చూసిన చూపు అది. అందుకే నాకు ఈ వచనం పేతురు నోట వింటేనే నమ్మబుద్ధి అవుతుంది.

మా అవ్వకు ఇవేవీ తెలియవు. కల్వకుర్తి వైపు పల్లె, వేలిముద్ర మనిషి. మా తాత కాలి పుండుకు 1950లలో మొదలైన జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో కట్టు కట్టించుకోవడానికి పోయి, ఆ పుండు ముక్కు మూసుకోకుండా కడిగిన నర్సమ్మను చూసి ఇద్దరూ ప్రభువును నమ్ముకున్నారు. ప్రసంగం ఆ తర్వాతెప్పుడో విన్నారు. అవ్వ ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి గురిగిలో వేసేది. ఆదివారం ఆ గురిగిలోవి కొంగులో మూటగట్టుకుని గుడికి. వానలు లేని ఏడు జొన్న గట్కతో వెళ్లదీసినప్పుడు జొన్నలే వేసింది. పిడికిలి మాత్రం చిన్నదైంది, నేను చూశాను, గురిగి దగ్గరికి చెయ్యి పోయేముందు వేళ్లు కొంచెం దగ్గరికి ముడుచుకునేవి. కానీ ఒక్క పూట కూడా మానలేదు. ఇది దేవునికి, నువ్వు కూడా వెయ్యాలె అని నాతో ఒక్కనాడూ అనలేదు. ఇవాళ గ్యాస్ పొయ్యి మీద కుక్కర్ పెట్టే ముందు నా చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోతుంది.

"ఆ విశ్వాసము మొదట నీ అవ్వయైన లోయిలోను" అని పౌలు తిమోతికి రాశాడు. మన బైబిలులో అవ్వ అనే ఉంది, మనం పిలిచే మాటే. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, విశ్వాసం గురించి ఆయన మాటే రాదు. మన పాలమూరు పిల్లల్లో ఎందరు అట్లా అవ్వల దగ్గరే పెరగలేదు? అమ్మానాన్నలు బొంబాయి, పుణె పనులకు వలసపోతే అవ్వ వెంట గుడికి వచ్చి, అవ్వ మోకరిస్తే మోకరించి, అవ్వ నిద్రపోతే నిద్రపోయిన పిల్లలే ఇవాళ మన సంఘాల్లో పెద్దలు.

అవ్వ సంగతి చెప్పి నేనేదో గొప్పదాన్నని అనిపించుకోవడం నాకిష్టం లేదు. పోయిన మేలో వీబీఎస్, అదే పిల్లల సెలవుల బైబిలు బడి, నడుస్తోంది. పులిహోర ఇంకా రాలేదు, పిల్లలు వేపచెట్టు కింద చర్చి ఆట ఆడుకుంటున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఒకడు అయ్యగారు, ఒకడు కానుక సంచి పట్టేవాడు, ఏడేళ్ల పాప ఒకతి నేను. చున్నీ నెత్తి మీద కప్పుకుంది, చేతులు జోడించింది, "పరలోకమందున్న మా తండ్రీ" అని ఎంతో మెత్తగా ఎత్తుకుంది. అంతలోనే ఒక కన్ను తెరిచి, వేలు చూపిస్తూ, "ఏయ్ పిలగా, కండ్లు మూసుకోమంటే సమజైతలేదా? మీ అమ్మకు చెప్పాల్నా?" అని గద్దించి, మళ్లీ కన్ను మూసి, "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అని అదే మెత్తటి గొంతులోకి దిగిపోయింది.

పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. పద్నాలుగేళ్ల కంఠత వాక్యాలు, ఫ్లాష్ కార్డులు, రాత్రుళ్లు కూర్చుని కత్తిరించిన చార్టులు, వాటిల్లో ఒక్కటీ ఆ ఆటలోకి రాలేదు. ఆ తెరిచిన కన్నే వచ్చింది.

తల్లులారా, తండ్రులారా, కంఠత వాక్యాలు నేర్పించండి, నేనూ నేర్పిస్తాను. కానీ ఆదివారం మధ్యాహ్నం పిల్లల ముందు కూర్చుని కోడికూరతో పాటు అయ్యగారిని కూడా నంజుకోవడం మానండి. వాక్యం బాగలేదు, గొంతు బాగలేదు, కన్వెన్షన్ కూటాల్లో పోయినసారి వచ్చినాయనే నయం అని మీరంటుంటే, వచ్చే ఆదివారం ఆ పిల్లాడు ఆయన మాట ఎందుకు వినాలి? గుడి గుమ్మం దగ్గర పిల్లల చేతిలో పది రూపాయల బిళ్ల పెట్టి సంచిలో వేయమనడం కూడా నాకు నచ్చదు. ఇంట్లో మీరు లెక్క చూసుకుని, కొంచెం కష్టంగానే పక్కన పెట్టడం వాళ్లు చూడనివ్వండి. భార్యాభర్తలు పిల్లల ముందు పోట్లాడుకుంటే ఆ పిల్లల ముందే క్షమాపణ అడగండి. పోట్లాట వాళ్ల ఎదురుగా, రాజీ తలుపు వేసుకుని! అందుకే రాజీ ఎట్లా పడాలో మన పిల్లల్లో చాలామందికి రాదు. సంఘపెద్దలు కూడా ఇది చదువుతుంటే, గేటు బయట బండ్ల దగ్గర కాస్త నెమ్మది, అన్నలారా.

ఆ మర్నాడు వీబీఎస్‌లో ప్రార్థనకు ముందే పిల్లలతో చెప్పాను, నేను మిమ్మల్ని ప్రార్థన మధ్యలో గద్దిస్తున్నాను, అది తప్పు, నన్ను క్షమించండి అని. ఎక్కువసార్లు తిట్లు తిన్న పిల్లాడి దగ్గరికి వెళ్లి వాడికి విడిగా చెప్పాను. వాడు సిగ్గుపడి పక్కవాడి వెనక దాక్కున్నాడు. నా వేషం వేసిన పాప చెయ్యి ఎత్తింది.

"టీచర్, అయితే ప్రార్థనల మీరు ఒక కన్ను తెరిచే ఉంచుతరా?"

"ఉంచుతున్న బిడ్డా."

"దేవుడు కూడా అట్లనే చూస్తడా?"

ఆ రోజుకు నేను సిద్ధం చేసుకొచ్చింది దావీదు, గొల్యాతు. చార్టు చుట్టి పక్కన పెట్టి, కోడి కూసిన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టాను.