నిలువెత్తు స్పీకర్ల కింద ఏం పెట్టాలి?

పెద్ద ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్ల కింద స్పైకులు (మొనదేలిన లోహపు కాళ్లు) పెట్టాలా, స్ప్రింగులు పెట్టాలా అని తేల్చుకునే ముందు అవి నిలబడే నేల ఎలాంటిదో చూడాలి. మన అపార్ట్‌మెంట్లలో టైల్స్ కింద ఉండే కాంక్రీటు శ్లాబు బరువైనది, బిగువైనది కనుక వూఫర్ (బాస్‌ను, అంటే మంద్ర ధ్వనిని పలికించే పెద్ద కోను) కుదుపుకు అంత తేలిగ్గా చలించదు. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే చెక్క ఇళ్లలో మాత్రం, దూలాల మీద ప్లైవుడ్ పరిచిన నేల ఆ కుదుపును అందుకుని పెద్ద తప్పెటలా మోగుతుంది. అక్కడ మంచి ఐసొలేటర్లు (కంపనం నేలకు చేరకుండా అణిగే కాళ్లు) పెడితే బాస్ తేటపడుతుంది. శ్లాబు మీద తేడా స్వల్పమే. దానికోసం వేలకు వేలు ఖర్చు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

స్పైకు కంపనాన్ని ఆపుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది బరువునంతా మొన మీదకు తెచ్చి స్పీకరును నేలతో బిగిస్తుందే తప్ప వేరుచేయదు. తివాచీని దాటి గట్టి నేలను అందుకోవడానికి అది మేలైన సాధనం. టైల్స్ మీద లోహపు బిళ్లలు లేకుండా పెడితే గీతలు పడతాయి.

వేరుచేయాలంటే కింద అణిగే వస్తువు ఉండాలి, అది ఎంత అణుగుతుందన్నదే అసలు లెక్క. స్పీకరు బరువుకు స్ప్రింగు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి, ఆ సంఖ్య వర్గమూలంతో 16ను భాగిస్తే, ఆ ఏర్పాటు సహజంగా ఊగే పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. 4 మి.మీ. దిగితే 8 హెర్ట్జ్; దానికి 1.4 రెట్లు, అంటే సుమారు 11 హెర్ట్జ్ దాటాకే కంపనం తగ్గడం మొదలవుతుంది కనుక 30 హెర్ట్జ్ బాస్ వల్ల నేలకు చేరేది కొద్దిపాటిదే. పావు మిల్లీమీటరే దిగితే లెక్క 32 హెర్ట్జ్‌కు వస్తుంది. సరిగ్గా బాస్ ఉన్నచోటే అనునాదం పుట్టి కంపనం పెరుగుతుంది. స్ప్రింగుకు బదులు రబ్బరు వాడితే, అది కంపించేటప్పుడు మరింత బిర్రుగా ఉంటుంది కాబట్టి దాని అసలు సంఖ్య ఇంకా పైనే ఉంటుంది.

అందుకే ధర కంటే ముందు బరువు చూసి కొనాలి. ఉదాహరణకు ఐసోఅకౌస్టిక్స్ కంపెనీ ఐసొలేటర్లలో గయా 3 రకం 32 కిలోల వరకు, గయా 2 రకం 54 కిలోల వరకు, గయా 1 రకం 100 కిలోల వరకు ఉన్న స్పీకర్లకు ఉద్దేశించినవి. ఖరీదైనదే మేలనుకుని తేలికపాటి స్పీకరుకు అన్నిటికంటే పెద్దది బిగిస్తే అది తగినంత అణగదు. వూఫర్లు ముందువైపు ఉండటంతో చాలా స్పీకర్లలో ముందు కాళ్ల మీదే భారం ఎక్కువ. నాలుగు మూలలా ఒకే స్ప్రింగు పెడితే పెట్టె ముందుకు ఒరుగుతుంది. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని పెట్టె మీద ఉంచి చూస్తే ఈ ఒరుగు తెలిసిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో సన్నటి, ఎత్తైన పెట్టెను మెత్తటి స్ప్రింగుల మీద నిలపడం నాకు సమ్మతం కాదు, వెడల్పాటి పీఠం ఉంటే తప్ప.

కింది వాటావారికి ఇబ్బంది కలగకూడదని వీటిని కొనాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి: బాస్‌లో ఎక్కువ భాగం గాలి ద్వారానే శ్లాబును, గోడలను తాకుతుంది, దాన్ని ఏ కాళ్లూ ఆపలేవు. అక్కడ స్పీకర్లను మూలల నుంచి ముందుకు జరిపి, రాత్రివేళ బాస్‌ను తగ్గించి పెట్టుకోవడమే ఎక్కువ పనిచేస్తుంది.