కాలువ గట్లు, పాత రైలు కట్టలు: తులూజ్ చుట్టూ నా కంకర బాటల డైరీ

మార్చిలో సెకండ్ హ్యాండ్ గ్రావెల్ సైకిల్ కొన్నాను. హ్యాండిల్ రేసు సైకిల్‌లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్ల లావు, పైన చిన్న చిన్న గళ్ళు. మట్టి బాటకీ కంకర రోడ్డుకీ చేసిన బండి. నేనుండేది ఫ్రాన్స్‌కి దక్షిణాన తులూజ్‌లో. విమానాల పరిశ్రమ వల్ల ఇక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు నలుగురు ఈమధ్య సైకిళ్ళు కొని, "ఎక్కడ తొక్కాలి, కార్లంటే టెన్షన్‌గా ఉంది" అని అడుగుతున్నారు. అందుకే రాసిపెట్టుకున్నవి ఒకచోట చేర్చాను. నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: రోడ్డు దాటితే దాటాలి గానీ, కార్ల పక్కన తొక్కకూడదు.

మార్చి 16, ఆదివారం. 50 కి.మీ.

మాది గోదావరి డెల్టా. హైస్కూలుకి అయిదేళ్ళు కాలువ గట్టు మీదే సైకిల్ తొక్కాను. అందుకని మొదటి రోజు ఇంకేమీ ఆలోచించకుండా కనాల్ దు మిది గట్టెక్కాను. 1666లో తవ్వడం మొదలుపెట్టి 1681లో తెరిచిన కాలువ. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం ఒడ్డు దాకా 240 కిలోమీటర్లు. అప్పట్లో గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవల్ని తాళ్ళతో లాగేవి. మన కాలువల మీద ఆ తాడు మనుషుల భుజాన ఉండేది. పడవ లాగడానికి వేసిన బాట కాబట్టి నీళ్ళకి ఆనుకుని చదునుగా సాగిపోతుంది. పడవల్ని ఎగువకీ దిగువకీ మార్చే లాకులు చూస్తే మనసు ఊరికి వెళ్ళిపోయింది: చెక్క తలుపులు, లాకు మనిషి ఉండే ఇల్లు, గుమ్మం ముందు ఒక చెట్టు.

మోంజిస్కార్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. తులూజ్ నుంచి పోర్ లోరగే దాకా దాదాపు 50 కిలోమీటర్లు తారు బాటే. కొత్తవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. లాకు దగ్గర గట్టు ఒక్కసారిగా పైకి లేస్తుంది, గేరు ముందే తగ్గించుకోవాలి. పాత ఇటుక వంతెనల కింద బాట ఇరుకై మలుపు తిరుగుతుంది. అవతలి మనిషి కనిపించడు, బెల్ కొట్టుకుంటూ వెళ్ళాలి.

ఏప్రిల్ 12, శనివారం. 64 కి.మీ.

అసలు మట్టి బాట మొదలైంది ఈ రోజే. రైల్లో సైకిల్ పెట్టుకుని కాస్తెల్నోదరిలో దిగాను. ప్రాంతీయ రైళ్ళలో సైకిల్ గుర్తున్న పెట్టె ఉంటుంది, స్థలం ఉంటే పెట్టుకోవచ్చు. శనివారం పొద్దున్నే వెళితే ఖాళీ. అక్కడినుంచి నొరూజ్ దాకా 12 కిలోమీటర్ల పైచిలుకు గట్టు మీద. ప్లాటాన్ చెట్ల వేర్లు బాట కిందనుంచి పైకి ఉబికి ఉన్నాయి. ఈ చెట్లకి 2006 నుంచి ఒక శిలీంధ్రం పట్టి వేలకొద్దీ కొట్టేయాల్సి వచ్చింది. నీడ పోయిన చోట కొత్త మొక్కలు ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి. ఆ బోసి గట్టు మీద వెళుతుంటే నిజంగా బాధేసింది.

నేను చేసిన తప్పు టైర్లలో గాలి. రోడ్డు సైకిల్ అలవాటు కొద్దీ 50 పీఎస్ఐ కొట్టాను. వేర్ల మీద పది కిలోమీటర్లు పోయేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి. నొరూజ్‌లో ఆగి వెనక 35, ముందు 32కి తగ్గించాను (నా బరువు 72 కిలోలు, టైర్లు ట్యూబ్‌లెస్). అదే సైకిల్, అదే బాట, కానీ టైరు రాయిని తన్నడం మానేసి దాని మీదుగా ఒదిగి పోయింది. అప్పటినుంచి ఆ లెక్క మార్చలేదు.

నొరూజ్ సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తున ఉంది. మోంతాన్ నువార్ కొండల నుంచి ఒక పిల్ల కాలువ ఇక్కడికి నీళ్ళు తెస్తుంది. ఆ నీళ్ళే రెండుగా విడిపోయి కొన్ని అట్లాంటిక్ వైపు, కొన్ని మధ్యధరా వైపు పోతాయి. ఇంత పెద్ద కాలువకి నీళ్ళెక్కడినుంచి అన్నదే ఆ రోజుల్లో అందరినీ ఆపేసిన ప్రశ్న. కనాల్ దు మిది తవ్వించిన పియెర్-పోల్ రికే దానికి చెప్పిన జవాబు ఈ పిల్ల కాలువ. ఆయన 1680లో పోయాడు, కాలువ తెరవడం చూడలేదు. కాటన్ దొర ఆనకట్ట నీళ్ళతో పెరిగినవాణ్ణి కాబట్టి కాబోలు, అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

ఈ పిల్ల కాలువ పేరు రిగోల్ ద లా ప్లెన్. నాకు ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా ఇష్టమైన బాట దీని గట్టే. రెవెల్ దాకా దాదాపు 38 కిలోమీటర్లు, కొండ వాలు పట్టుకుని మెలికలు తిరుగుతూ పోతుంది. బాట చాలాచోట్ల రెండడుగుల వెడల్పు, రెండు పక్కలా గడ్డి, పైన చెట్ల గొడుగు. వాలు ఎంత తక్కువంటే, నీళ్ళు కదులుతున్నాయా లేదా అని అనుమానం వచ్చి ఒక ఎండుటాకు వేసి చూశాను. అది గట్టు నీడలోంచి మెల్లగా బయటికొచ్చి, ఒక పుల్లకి తగులుకుని, తిరిగి విడిపించుకుని, నేనొచ్చిన వైపుకి నడక వేగంతో వెళ్ళిపోయింది. అంటే నేను ఎక్కుతున్నాను, కాళ్ళకే తెలియడం లేదు. కొంత దూరం పోయి వెనుదిరిగాను.

గాలి సంగతి కూడా రాయాలి. లోరగే ప్రాంతంలో ఆగ్నేయం నుంచి ఒతాన్ అనే గాలి వీస్తుంది, రోజుల తరబడి. దానికి ఎదురు తొక్కితే 40 కిలోమీటర్లు 60లా అనిపిస్తాయి. గాలి చూసుకుని, ఎదురుగాలి వైపు రైల్లో వెళ్ళి, గాలి వాలున తొక్కుకుంటూ ఇంటికి రావడం ఉత్తమం.

మే 17, శనివారం. 101 కి.మీ.

మొదటి వంద! ఈసారి రెవెల్ దాకా వెళ్ళి వచ్చాను. శనివారం అక్కడ సంత. 14వ శతాబ్దం నాటి చెక్క స్తంభాల మండపం కింద, దాని చుట్టూ కూరగాయలు, చీజులు, తేనె. రెండు అరటిపళ్ళు, ఒక రొట్టె, మేక చీజు ముక్క తిని వెంటనే బయల్దేరాను. సాన్-ఫెరెయోల్ జలాశయం కొండపైన ఉంది, వెళ్ళే ఓపిక మిగల్లేదు. దారిలో నడిచేవాళ్ళు కనిపిస్తారు, సంచికి గవ్వ కట్టుకుని కాలినడకన స్పెయిన్‌లోని సంతియాగోకి పోయే యాత్రికులు. ఇరుకు బాట కాబట్టి సైకిలే ఆగి దారివ్వాలి. దూరంనుంచే "బోంజూర్" అంటే చాలు, మొహం విప్పారుతుంది.

జూన్ 14, శనివారం. 80 కి.మీ.

జర్మనీ నుంచి మా బావ వచ్చాడు. ఆయన మోకాలు బాగోదు, అందుకని పాసా పాయిస్ ఎంచుకున్నాను. మజామె నుంచి బెదారియూ దాకా పట్టాలు తీసేసిన రైలు కట్ట. ఇలాంటి వాటిని వోయ్ వెర్త్ అంటారు, పచ్చబాట అన్నమాట. నీలం చదరం మీద మనిషి, సైకిల్, గుర్రం బొమ్మలుంటే అదే. మోటారు బళ్ళకి ప్రవేశం లేదు.

రైలింజను ఎక్కలేని వాలు అక్కడ ఉండదు, కాబట్టి మోకాలికి ఇబ్బంది లేదు. అణిచి గట్టిపరచిన సన్న కంకర. లాబస్తిద్-రువేరూ దాటాక ఫెనీయ్ సొరంగం వస్తుంది, ముప్పావు కిలోమీటరు. బయట చెమటలు, లోపల చలి. జాకెట్టు, ముందు లైటు, వెనక లైటు తప్పనిసరి. సొరంగానికి ఇటువైపు వాన తోరే నదిలో పడి అట్లాంటిక్‌కి, అటువైపు వాన జోర్‌లో పడి మధ్యధరాకి. అవతలకి వచ్చేసరికి ఎండ రంగు కూడా మారినట్టుంది. అక్కడినుంచి చాలా దూరం పల్లమే. చెస్ట్‌నట్ తోపులు, ఒలార్గ్ దగ్గర జోర్ మీద ఇనప వంతెన.

వంతెన నడుమ బావ సైకిల్ దిగిపోయాడు. "ఏరా, ఇంత దూరం వచ్చాం, ఒక్క హారన్ వినలేదు చూశావా?" అన్నాడు. నేను అప్పటిదాకా గమనించలేదు.

జాగ్రత్తలు: బండ్లు రాకుండా ప్రతి రోడ్డు దాటే చోటా అడ్డుకర్రలుంటాయి. పక్క సంచులు కడితే వాటి మధ్య ఇరుక్కుంటాయి, సీటు వెనక సంచి మేలు. బెదారియూ నుంచి బెజియే మీదుగా తులూజ్‌కి రైలుంది, కానీ రోజుకి కొద్దిగానే. తిరుగు రైలు టైము చూసుకున్నాకే పొద్దున బయల్దేరండి.

ఆగస్టు.

ఎండలు. రెండుసార్లే వెళ్ళాను, రెండూ ఉదయం పదిన్నరలోపే. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, బేకరీ చాలాచోట్ల సోమవారం తెరవదు. ఒకరోజు రెండు సీసాలూ అయిపోయి నాలుక పిడచగట్టుకుపోయింది. ఇక్కడి సైకిలిస్టులందరికీ తెలిసిన కిటుకు ఏమిటంటే, ఊరి శ్మశానంలో పూలమొక్కలకి నీళ్ళు పోసే కుళాయి ఉంటుంది. శ్మశానంలో నీళ్ళు తాగడమా అని గేటు దగ్గర ఆగాను. లోపల ఒక పెద్దావిడ సమాధి కడుగుతోంది. నన్నూ సీసానీ చూసి, తన డబ్బా పక్కకి జరిపి కుళాయి చూపించింది. "నాన్ పోతాబ్ల్" అని బోర్డుంటే మాత్రం తాగకూడదు.

అక్టోబర్ 19, ఆదివారం. 47 కి.మీ.

ఇది నేనే కూర్చుకున్న దారి, పుంతల మీద. ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ 1:25,000 మ్యాపు ముందు పెట్టుకుని, దాని మీద భూముల సర్వే పొర వేసి చూస్తాను. "షెమాన్ రూరాల్" అని ఉంటే అది పంచాయతీది, జనం నడిచే బాట. "షెమాన్ దెక్స్‌ప్లోయితాసియోన్" అంటే పక్క రైతులది, మూసేయవచ్చు. ఈ తేడా తెలిశాక గేట్ల దగ్గర వెనక్కి తిరగడం చాలా తగ్గింది.

ఈరోజు రెండుసార్లు ఆగాను. ఒకటి ముల్లు. ఈ రోజుల్లో ట్రాక్టరుతో కంచెలు కత్తిరిస్తారు, ముళ్ళన్నీ బాట మీదే. మన తుమ్మ ముల్లంత ఉంటుంది. పీకగానే బుస్సుమంది. కన్నం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే కన్నాలు పూడ్చడానికి టైర్లో పోసే తెల్లటి ద్రవం నురగగా వచ్చి, చిన్న బుడగై, ఆగింది. ఆ ద్రవం మూడు నాలుగు నెలలకి ఎండిపోతుంది, నేను ఆగస్టులో మళ్ళీ పోశాను కాబట్టి బయటపడ్డాను.

రెండోది అడవి మొదట్లో "షాస్ ఆన్ కూర్" అని బోర్డు: వేట జరుగుతోంది. దూరంగా కుక్కల అరుపులు. వెంటనే తిరిగిపోయాను, మీరూ అదే చేయండి. వేట సాధారణంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, ఆదివారాలు ఎక్కువ. అందుకే నారింజ రంగు చొక్కా కొన్నాను. వచ్చే ఆదివారం నుంచి అడవి బాటలు వదిలేసి, మళ్ళీ రిగోల్ గట్టు మీదకి. ఆకులు రాలే కాలం కాబట్టి కింద వేర్లు కనబడవు, ముందు టైరు 30కి దించి చూస్తాను.