అమ్మ బుగ్గ వాపు

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ అమ్మ గుప్పెడు గుప్పెడుకీ నీళ్లు అడిగేది. వయసు అనుకున్నాం. కళ్లలో ఇసుక పడ్డట్టుందంటే బీచ్ గాలి అన్నాం, మహా తెలివిగా! తీరా చూస్తే షోగ్రెన్స్ సిండ్రోమ్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద పడతాయి.

నెల కిందట చెవి కింద వాపొచ్చి తగ్గలేదు. డాక్టరుగారు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. ఈ జబ్బులో ఏళ్లతరబడి రెచ్చిపోయి ఉండే బి-కణాలు, అంటే ఆ రోగనిరోధక కణాల్లోనే ఒక రకం, కొందరిలో లింఫోమా అనే క్యాన్సర్‌గా మారతాయట. జీవితకాలంలో 100 మందిలో 5 నుంచి 10 మందికి. ఎక్కువగా నెమ్మదిగా పెరిగే, మాల్ట్ అనే రకమే.

రిపోర్టు వచ్చేదాకా మద్దిలపాలెం ఇంట్లో ఎవరికీ నిద్రలేదు, అమ్మకి తప్ప. లింఫోమా కాదు. ఆర్నెల్లకోసారి చూపించుకోమన్నారు.

నిన్న మళ్లీ బీచ్‌కి వెళ్లాం, రెండు సీసాల నీళ్లతో.