80 నంబరు నూలు, 21 డెనియర్ పట్టు: గేట్ టెక్స్‌టైల్ ప్రిపరేషన్‌లో నా తంటాలు

మాది మంగళగిరి. నాన్న మగ్గం నేస్తారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో వింటున్న మాట ‘80 నంబరు నూలు’. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని నాకెవరూ నేర్పలేదు, అమ్మ కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని చూసిందే. అందుకే ఎంటెక్ సీట్లకు రాసే గేట్ పరీక్షలో టీఎఫ్ (టెక్స్‌టైల్ ఇంజినీరింగ్) పేపర్ మొదటిసారి రాసేటప్పుడు, దారం, గుడ్డ పరీక్షించే టెస్టింగ్ భాగం నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. బొక్కబోర్లా పడ్డాను.

అప్పటికి బెంగళూరులో ఒక గార్మెంట్ కంపెనీ ల్యాబ్‌లో పని, బీటీఎం లేఅవుట్ పీజీలో మకాం. రోజూ సిల్క్‌బోర్డు సిగ్నల్ దాటాలి. ఆ సిగ్నల్‌ను తిట్టుకునేవాళ్లే గానీ, పక్కనున్న కేంద్ర పట్టు మండలి వల్లే దానికి ఆ పేరు వచ్చిందని నా పీజీలో సగం మందికి తెలియదు. బస్సు కదలని ఆ టైమంతా నాకు చదువుకునే టైమే.

రూమ్మేట్‌ది ధర్మవరం, పట్టు నేసే కుటుంబం. ఒక రాత్రి దారం లెక్క దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. ‘నంబరు పెరిగితే సన్నం’ అంటాను నేను. ‘ఎవరు చెప్పార్రా నీకు? 21 డెనియర్ పోగు చూశావా, కంటికి ఆనదు. 40 అయితే దానికంటే లావు’ అంటాడు వాడు. ఇద్దరిదీ నిజమే. మా నూలు లెక్కలో బరువు ఖాయం, పొడుగు మారుతుంది: ఒక పౌనుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అన్ని నంబర్లు. వాళ్ల పట్టు లెక్కలో పొడుగు ఖాయం, బరువు మారుతుంది: 9000 మీటర్లకు ఎన్ని గ్రాములో అన్ని డెనియర్లు. 1000 మీటర్లకు ఎన్ని గ్రాములో చూస్తే టెక్స్. కౌంటునూ (మా నూలు నంబరునే) టెక్స్‌నూ గుణిస్తే ఎప్పుడూ 590.5. అంటే మా 80 నంబరు నూలు 7.38 టెక్స్, వాడి భాషలో 66 డెనియర్ చిల్లర. పుస్తకంలో ఇదంతా పదిసార్లు చదివినా ఎక్కలేదు, ఆ పేచీతో ఎక్కింది.

ఆ తర్వాత ఏ ఫార్ములానీ ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా వదల్లేదు. ల్యాబ్‌లో దారం కొలిచి చుట్టే రాప్ రీల్ చుట్టుకొలత ఒకటిన్నర గజం. 80 చుట్లు తిప్పితే 120 గజాలు, అదే ఒక లీ. ఏడు లీలు ఒక చిలప. పౌనుకు 7000 గ్రెయిన్లు. ఏడూ ఏడూ కొట్టుకుపోయి 1000 మిగిలింది. లీ బరువు గ్రెయిన్లలో తూచి 1000ని దానితో భాగిస్తే కౌంటు. గ్రాముల తక్కెడైతే 64.8ని భాగించాలి. లీ 2.16 గ్రాములు తూగిందంటే 30 నంబరు. ఇలా తెలిశాక బట్టీ పట్టాల్సిన పనేముంది?

నాకు మార్కులు పోయిన అసలు చోటు తేమ. రీగెయిన్ అంటే ఎండు బరువు మీద నీటి శాతం, కంటెంట్ అంటే మొత్తం బరువు మీద. పత్తికి రీగెయిన్ 8.5 అయితే కంటెంట్ 8.5ని 108.5తో భాగించాలి, 7.83 వస్తుంది. నేను తొందరలో ఒకటి అడిగితే ఇంకోటి కట్టాను. ఆప్షన్లుంటే తప్పు అక్కడే దొరికేది. ఇలా అంకె మనమే టైప్ చేసే ప్రశ్నల్లో నెగెటివ్ మార్కులు ఉండవని సంబరపడతాం గానీ, హెచ్చరించే దిక్కూ ఉండదు.

ఈ తేమ సంగతి నాకు నిజంగా అర్థమైంది ఒక వానాకాలం సాయంత్రం. కాటన్ నిట్ రోల్ వచ్చింది, 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉండాలి. రౌండ్ కట్టర్‌తో ముక్క కోసి అప్పుడే తూచాను. 1.86 గ్రాములు. ఆ ముక్క వంద చదరపు సెంటీమీటర్లు కాబట్టి వందతో గుణిస్తే 186. రిపోర్టులో రాసేయబోతుంటే మా సీనియర్ అక్క, హిందూపురం ఆవిడ, పెన్ను పట్టుకుని ఆపింది. ‘తమ్ముడూ, నువ్వు తూచింది గుడ్డనా, వాననా?’ అంది. ఆ ముక్కను రాత్రంతా కండిషనింగ్ గదిలో పరిచి పెట్టాం, 65 శాతం తేమ, 27 డిగ్రీలు. పొద్దున తూస్తే 1.80. పాలిస్టర్ అయితే ఇంత తేడా రాదు, దాని రీగెయిన్ 0.4 మాత్రమే.

రెండోసారి చదివేటప్పుడు ఎక్కువ రోజులు ఈవెన్‌నెస్ మీదే, అంటే దారం లావు ఎంత సమంగా ఉందన్న దాని మీదే పెట్టాను. దాన్ని కొలిచే ఉస్టర్ మెషీన్‌లో సగటు మీద మైనస్ 50 శాతం సన్న చోటు, ప్లస్ 50 లావు చోటు, ప్లస్ 200 నెప్ (పీచు ఉండ). దారంలో ఎలాగూ తప్పని కనీస హెచ్చుతగ్గులను చెప్పే లిమిట్ ఇర్రెగ్యులారిటీ సూత్రంలో వందను పోగు అడ్డకోతలోని పీచుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తాం, పత్తికైతే వంద బదులు 106. ఆ 106 మర్చిపోయేవాళ్లు చాలామంది. రంగు నిలకడ లాంటివి ఒక్క సాయంత్రంలో అయిపోతాయి: రంగు మారిందా అని పోల్చే గ్రే స్కేల్‌లో 5 మేలు, ఎండకు చూసే బ్లూ వూల్‌లో 8 మేలు.

ఒక మాట, 100 మార్కుల్లో 15 ఆప్టిట్యూడ్, 13 మ్యాథ్స్. టెక్స్‌టైల్ వాళ్లం వాటిని చిన్నచూపు చూస్తాం, మొదటిసారి నేనూ చూశాను. ఇంకోటి, హాల్లో మన కాలిక్యులేటర్ పనికిరాదు, తెర మీదదే వాడాలి. మౌస్‌తో వర్గమూలం నొక్కడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

రెండోసారి క్వాలిఫై అయ్యాను. ఈసారి రూమ్మేట్ రాస్తున్నాడు. నా నోట్సు తీసుకుని మొదటి పేజీలో 590.5ని కొట్టేసి, పక్కన 5315 అని రాసుకున్నాడు. అది డెనియర్ లెక్క, 590.5కు తొమ్మిది రెట్లు.