ట్యూబు మార్చిన రోజు

ఆరు నెలలుగా పెట్టెల్లోనే ఉండిపోయిన మూడు ఫ్లాష్ లైట్లను ఇవాళ పొద్దున్నే బయటికి తీశాను. రేపు స్టూడియోలో పిల్లల పోర్ట్రెయిట్ ఫొటోలు తీయాలి. కాబట్టి ఇవాళంతా లైట్లతోనే సరిపోయింది.

ఇన్నాళ్లు వాడని లైటును తీయగానే ఫుల్ పవర్‌లో పెట్టకూడదు. లోపల చార్జ్‌ను నిల్వ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో అల్యూమినియం రేకు మీద సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటును ఆపి పట్టేది ఆ పొరే. నెలల తరబడి చార్జ్ లేకపోతే అది బలహీనపడుతుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఎక్కిస్తే కెపాసిటర్ వేడెక్కి ఉబ్బిపోవచ్చు, పగలనూవచ్చు. అందుకే మూడింటినీ అన్నిటికంటే తక్కువ పవర్‌లో పెట్టి అరగంట అలా వదిలేశాను. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, పెంచిన ప్రతిసారీ నాలుగైదు సార్లు వెలిగించాను. చార్జ్ ఎక్కేటప్పుడు సన్నగా కూత, నిండగానే బీప్. ఆ చప్పుళ్లు వింటూ కూర్చోవడం నాకు చాలా ఇష్టం.

మధ్యాహ్నం నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు వచ్చాడు. వస్తూనే ఎక్స్‌టెన్షన్ రీలు తెచ్చి, రెండు మీటర్ల వైరు మాత్రం లాగి ప్లగ్గు పెట్టబోయాడు. మొత్తం విప్పమన్నాను. చుట్టలో ఉన్న వైరు వేడి బయటికి పోదు. ఒక్కో లైటులో 150 వాట్ల మోడలింగ్ ల్యాంప్ ఉంది, వెలుగు ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి ఎప్పుడూ వెలుగుతూ ఉండే బల్బు అది. దానికి తోడు, ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ మూడు లైట్లూ ఒకేసారి చార్జ్ కోసం కరెంటు లాగుతాయి. చుట్ట లోపలి వరసల్లో వైరు తొడుగు మెత్తబడటం నేను ఒకసారి చేత్తో తాకి చూశాను. అప్పటి నుంచి మూడింటినీ ఒకే సాకెట్టుకు తగిలించడం కూడా మానేశాను. ఎర్త్ పిన్ లేని ప్లగ్గు అయితే అసలు ముట్టుకోను.

మూడో లైటు మాత్రం రెండుసార్లు వెలిగితే ఒకసారి ఊరుకుంటోంది. చూస్తే మెరుపునిచ్చే గాజు గొట్టం, అదే ఫ్లాష్ ట్యూబు, చివర్లు నల్లబడి ఉన్నాయి. ట్యూబు మార్చాల్సిందే అన్నాను. కుర్రాడు స్విచ్ ఆపేసి, ఆ చేత్తోనే ట్యూబు పట్టుకోబోయాడు. చప్పున వాడి మణికట్టు పట్టుకుని ఆపాను.

"ఆపేశాను కదన్నా!" అన్నాడు.

ఆపేసినా కెపాసిటర్లలో చార్జ్ అలాగే ఉంటుంది. ఈ లైటు ఫుల్ పవర్‌లో 400 జౌల్స్ శక్తి దాచుకుంటుంది, అదీ 300 వోల్టులకు పైనే. గుండె లయ తప్పినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ షాక్ గరిష్ఠంగా 360 జౌల్స్ దాకా ఉంటుంది. ఈ రెండు అంకెలూ వాడికి పక్కపక్కనే రాసి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా గుండె కూడా ఇంకా దడదడలాడుతూనే ఉంది.

తర్వాత మళ్లీ ఆన్ చేయించాను. పవర్ కనిష్ఠానికి దించి, టెస్ట్ బటన్ నొక్కి ఉన్న చార్జ్ ఖాళీ చేసి, స్విచ్ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు పీకాడు. ట్యూబు సరిగ్గా వెలగని లైటు కాబట్టి బటన్ నొక్కినంత మాత్రాన ఖాళీ అయిందని నమ్మలేం. గంటకు పైగా దాని జోలికి వెళ్లలేదు. ఈలోపు స్టాండ్ల కాళ్ల మీద ఇసుక సంచులు పెట్టి, నేల మీది వైర్లకు టేపు వేశాం. రేపు వచ్చేది పిల్లలు, పరిగెత్తకుండా ఉంటారా?

వేళ్ల జిడ్డు గాజుకు అంటితే, ఆ చోట వేడెక్కి ట్యూబు చిట్లుతుంది. అందుకని నూలు చేతి తొడుగులు వేసుకుని మార్చాడు. ఆ తొడుగులు గాజును కాపాడటానికే, షాక్ నుంచి కాపాడవని కూడా చెప్పాను. పాత ట్యూబును నిటారుగా లాగాడు, కొత్తదాన్ని అంతే నిటారుగా దించి, ట్యూబును వెలిగించే ట్రిగ్గర్ తీగ క్లిప్పు బిగించాడు.

"ఇప్పుడు ఆన్ చేయనా అన్నా?"

గాజు కవరు పెట్టాక, కనిష్ఠ పవర్‌లో చేయమన్నాను. రెండడుగులు వెనక్కి జరిగి రిమోట్ ట్రిగ్గర్ నొక్కాడు. తెల్లగా మెరిసింది, బీప్ వినిపించింది. వరసగా ఇరవై సార్లు కొట్టి చూశాం, ఒక్కటీ తప్పలేదు.

వెళ్లేముందు నేను చెప్పకుండానే మూడు ప్లగ్గులూ పీకి, వైర్లు వదులుగా చుట్టి పెట్టాడు.