నాన్న కంటి ఫొటోలో చిన్న ఎర్ర గీత

నిన్న నాన్నని గ్లకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) చెకప్‌కి తీసుకెళ్లా, కంటి ప్రెషర్ 16 వచ్చింది, 21 లోపే కదా అని ఊపిరి పీల్చుకున్నా. డాక్టర్ గారు మాత్రం రెటీనా ఫొటో పెద్దది చేసి చూపించారు, కంటి నరం మొదలయ్యే ఆ గుండ్రటి చోట అంచున గోరుతో గీరినట్టు సన్నటి ఎర్ర గీత, అది రక్తం అంట!! నొప్పుండదు, చూపులో తేడా తెలీదు, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది కాబట్టి చాలాసార్లు ఎవరి కంటా పడదంట, కానీ అది కనిపించిందంటే ప్రెషర్ బాగున్నా నరం ఇంకా దెబ్బతింటూ ఉండొచ్చంట. పక్కనే రక్తనాళం ఒకటి, ఆ గుండ్రటి చోటు మధ్యలో ఉండే గుంట అంచు దగ్గర ఠక్కున వంగి లోపలికి దిగిపోయింది, ఆనుకోడానికి అక్కడ నరం పోగులు మిగల్లేదు మరి. డ్రాప్స్ మార్చారు. "నాకు బాగానే కనిపిస్తోందిరా" అంటున్నారు నాన్న, ఆ మాటకే నాకు గుండె జారిపోయింది.